జీతం లేని ఆట



ఈ పేజీల్లో ఇంతవరకూ మన తాతముత్తాతల గురించి, చింతామణి వైపు పొలాల గురించి, పెళ్లిళ్ల గురించి, పండగ వంటల గురించి రాసుకుంటూ వచ్చాం. ఈసారి మాత్రం సముద్రం అవతలి సంగతి. మెల్‌బోర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు అని ఒకటుంది. మా పెద్దనాయన మనవడు ఆ యూనివర్సిటీలో చదువుతున్నాడు కాబట్టి దాని పేరు మా చెవిన పడింది. మన వాళ్లెవరూ అందులో ఆడలేదు. ఆ ఆట మన ఊళ్లలో ఎవరికీ తెలియదు. అయినా దాని చరిత్ర చదివే కొద్దీ, ఇది మన ఇంటి సంగతి లాగే ఉందే అనిపించింది. ఎట్లాగో చివర్లో చెబుతాం. ముందు క్లబ్బు కథ వినండి.

ఫుట్‌బాల్ అనగానే మనకు గుర్తొచ్చే ఆట కాదిది. ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఆట, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అంటారు. మైదానం క్రికెట్ మైదానం లాగా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. బంతీ కోడిగుడ్డు ఆకారమే. ఒక్కో జట్టుకు 18 మంది. బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, విసరడానికి మాత్రం లేదు. ఒక చేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించాలి. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి గుంజలు పాతి ఉంటాయి. నడిమి రెండు గుంజల మధ్య నుంచి తన్నితే గోల్, దానికి 6 పాయింట్లు. వాటి పక్క సందుల్లోంచి పోతే బిహైండ్, దానికి 1 పాయింటు. అంటే గురి కొంచెం తప్పినా చేతికి ఎంతో కొంత దక్కుతుంది. ఈ ఆటలో మాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే.

1858లో టామ్ విల్స్ అనే క్రికెట్ ఆటగాడు, చలికాలంలో క్రికెటర్లు ఒళ్లు కదిలించడానికి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకుంటే బాగుంటుందని మెల్‌బోర్న్ పత్రికకు ఉత్తరం రాశాడు. 1859 మే నెలలో మెల్‌బోర్న్ క్లబ్బు వాళ్లు కొందరు కూర్చుని పది నియమాలు రాసుకున్నారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది 1863లో. వీళ్ల నియమాలు దానికన్నా నాలుగేళ్లు పెద్దవన్నమాట. యూనివర్సిటీ విద్యార్థుల క్లబ్బు కూడా తన పుట్టిన సంవత్సరంగా 1859నే చెప్పుకుంటుంది. ప్రపంచంలో ఇంత వయసున్న ఫుట్‌బాల్ క్లబ్బులు, అది ఏ రకం ఫుట్‌బాల్ అయినా సరే, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి.

1892లో మెల్‌బోర్న్‌లో ఒక జూనియర్ అసోసియేషన్ ఏర్పడింది. ఇప్పుడు దాన్నే విక్టోరియన్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అంటున్నారు. 1896లో ఎనిమిది పెద్ద క్లబ్బులు విడిగా విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగు పెట్టుకున్నాయి. ఈ రోజు దేశమంతా చూసే ఏఎఫ్ఎల్ ఆ లీగులోంచి పెరిగిందే. జూనియర్ అసోసియేషన్‌లో ఆడుతున్న యూనివర్సిటీ జట్టును 1908లో పెద్ద లీగులోకి పిలిచారు. అదే ఏడు రిచ్‌మండ్ జట్టూ వచ్చింది. ఎనిమిది పది అయ్యాయి.

యూనివర్సిటీ జట్టు రెండు కట్టుబాట్లతో లీగులోకి అడుగు పెట్టింది. ఒకటి, ఆడేవాళ్లు యూనివర్సిటీ విద్యార్థులో, అక్కడ చదివిన పట్టభద్రులో అయి ఉండాలి. రెండు, ఆడినందుకు ఎవరూ డబ్బు తీసుకోకూడదు. మిగతా క్లబ్బులు తమ పేటల్లో బలంగా ఉన్న ఏ కుర్రవాణ్ణయినా తెచ్చుకోవచ్చు. ఇక్కడ డాక్టరు చదువులూ లా చదువులూ చదివే పిల్లలు, పరీక్షలూ ఆసుపత్రి డ్యూటీలూ చూసుకుని, మిగిలిన పొద్దులో ఆడాలి. చదువు ముగిసి ఉద్యోగం దూరపు ఊళ్లో వస్తే ఆ ఆటగాడు పోయినట్టే.

అయినా మొదటి మూడేళ్లు పరవాలేదు. అప్పట్లో ఏడాదికి 18 ఆటలు. 1908లో 8 గెలిచారు, 1909లో 7, 1910లో 10. పది జట్లలో ఆరో స్థానం. పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చే పిల్లలకు అది చిన్న సంగతి కాదు.

1911 నుంచి కథ మారిపోయింది. ఆ ఏడు ఒక్కటే గెలుపు. 1912లోనూ ఒక్కటే. 1913లో సున్నా. 1914లో సున్నా. ఏడేళ్లలో మొత్తం 126 ఆటలు ఆడితే 27 గెలుపులు, 2 డ్రాలు, 97 ఓటములు. ఆ 27లో 25 మొదటి మూడేళ్లవే. చివరి 51 ఆటలు వరసగా ఓడిపోయారు. నూరేళ్లు దాటినా ఆ లీగులో అంత పొడుగు ఓటముల వరస మరొకటి లేదు.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇటువంటి పట్టీ కనబడితే కళ్లు ఊరుకోవు. నిన్నటిదాకా నడిచింది ఈరోజు ఎందుకు నడవలేదు, మధ్యలో ఏం మారింది అనేది మేము మొదట అడిగే ప్రశ్న. యూనివర్సిటీ జట్టులో వెతికితే పెద్ద మార్పేమీ కనబడదు. అవే కట్టుబాట్లు, అదే రకం పిల్లలు. మారింది బయట. 1911లో లీగు, ఆటగాళ్లకు డబ్బు ఇవ్వొచ్చని ఒప్పుకుంది. అంతకు ముందు చాటుగా ఇచ్చేవాళ్లు ఎటూ ఉన్నారు. ఇప్పుడు బాహాటం అయింది. మిగతా క్లబ్బులు జీతాలు ఇచ్చి ఆటగాళ్లను నిలుపుకోసాగాయి. యూనివర్సిటీ మాత్రం మా వాళ్లు డబ్బుకు ఆడరు అని అట్లాగే నిలబడింది. ప్రోగ్రాములో ఒక్క వరస కూడా మారదు, కానీ దాని కింద ఉన్న సిస్టం మారుతుంది, తెల్లారేసరికి అన్నీ ఫెయిల్ అవుతాయి. మా పనిలో ఇది తరచూ చూసేదే.

ఓడిపోవడం ఒక్కటే కారణమైతే ఏ క్లబ్బూ చావనక్కర్లేదు. అదే లీగులో సెయింట్ కిల్డా అనే క్లబ్బు 1897 నుంచి తన మొదటి 48 ఆటలూ ఓడిపోయింది. 1900లో వచ్చిన మొదటి గెలుపు కూడా మైదానంలో వచ్చింది కాదు. డ్రా అయిన ఆట మీద ఫిర్యాదు చేస్తే వాళ్లవైపు తీర్పు వచ్చింది. ఆ తర్వాత 1966లో ఒకే ఒక్క పాయింటు తేడాతో వాళ్లు లీగు గెలిచారు. ఇంతవరకూ గెలిచింది ఆ ఒక్కసారే. అయినా ఆ క్లబ్బు ఈ రోజుకీ పెద్ద లీగులోనే ఉంది. దాని వెనక ఒక పేట ఉంది. ఆ పేటలో పుట్టిన ప్రతివాడూ ఆ జట్టు మనిషే. యూనివర్సిటీ వెనక అటువంటి పేట లేదు. లోపలికి రావడానికి చదువు అనే గడప ఉంది, దాన్ని దాటగలిగినవాళ్లు ఆ రోజుల్లో బహు కొద్దిమంది.

ఆ ఓడిన జట్టులో గొప్ప ఆటగాళ్లు లేరని అనుకోకండి. రాయ్ పార్క్ అని ఒక వైద్య విద్యార్థి. పొట్టి మనిషి. 1913లో జట్టు ఒక్క ఆట కూడా గెలవని ఏడాదిలో ఆయన ఒక్కడే 50కి పైగా గోల్స్ కొట్టాడు. లీగు మొత్తం మీద ముందు వరసలో నిలిచాడు. ఆయన క్రికెట్లోనూ గట్టివాడే. 1920 చివర మొదలైన మెల్‌బోర్న్ టెస్టులో ఆస్ట్రేలియాకు ఆడాడు. ఎదుర్కొన్న మొదటి బంతికే బౌల్డ్ అయ్యాడు, మళ్లీ టెస్టు ఆడలేదు. ఆయన భార్య గ్యాలరీలో అల్లిక పని చేసుకుంటూ, కింద పడిన దారపుండ తీసుకుందామని వంగేసరికి ఆయన టెస్టు జీవితం మొత్తం అయిపోయిందని ఒక కథ చెప్పుకుంటారు. 51 ఓటముల జట్టు మనిషికి ఈ కథ కూడా జత కలవడం చూసి మేము నవ్వుకున్నాం. కానీ ఆయన డాక్టరుగా పేరు తెచ్చుకున్నాడు, ఆయన కూతుర్ని పెళ్లాడిన ఇయాన్ జాన్సన్ తర్వాత ఆస్ట్రేలియా క్రికెట్ కెప్టెన్ అయ్యాడు.

నవ్వు రాని కథలూ ఉన్నాయి. 1914 సీజన్ ముగిసేటప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యూనివర్సిటీ లీగు నుంచి తప్పుకుంది. ఆడాలనుకున్నవాళ్లలో చాలామంది మెల్‌బోర్న్ క్లబ్బులో చేరారు. మిగిలినవాళ్లలో ఎందరో యుద్ధానికి వెళ్లారు. రూపర్ట్ బాల్ఫ్ అనే ఆటగాడు 1915 ఏప్రిల్ 25న, గల్లిపోలి తీరాన సైన్యం దిగిన మొదటి రోజే చనిపోయాడు. ఆస్ట్రేలియా వాళ్లు ఇప్పటికీ ప్రతి ఏటా ఆ తేదీని తమ సైనికుల స్మృతి దినంగా జరుపుకుంటారు. ఆ జట్టు పిల్లలకు ఓటమి అనే మాటకు అసలు అర్థం ఫుట్‌బాల్ పట్టీలో కాదు, అక్కడ తెలిసింది.

చాలా పుస్తకాల్లో యూనివర్సిటీ కథ ఇక్కడే ముగుస్తుంది. లీగు చరిత్రలో వాళ్లకు ఒక పేరా ఇస్తారు: వచ్చారు, ఓడారు, పోయారు. కానీ వాళ్లు పోలేదు. యుద్ధం అయిపోయాక వాళ్లు తిరిగి తమ పాత చోటికి, జీతం లేని అసోసియేషన్‌కు వచ్చి ఆడడం మొదలుపెట్టారు. ఆడాలనుకునేవాళ్లు ఎక్కువై రెండు జట్లు అయ్యాయి. యూనివర్సిటీ బ్లాక్స్ ఒకటి, యూనివర్సిటీ బ్లూస్ ఒకటి. అన్నదమ్ముల పిల్లల్లా ఒకరి మీద ఒకరు ఆడి, ఎవరు పైన అని నేటికీ తేల్చుకుంటున్నారు. అమెచ్యూర్ అసోసియేషన్ పై అంతస్తులో రెండు జట్లూ ఎన్నోసార్లు విజేతలయ్యాయి. ఆ తర్వాత ఆడవాళ్ల జట్టూ వచ్చింది.

పెద్ద లీగుకు వీళ్లు ఇచ్చింది కూడా ఆగిపోలేదు. యూనివర్సిటీకి లీగులో ఆడినవాళ్లలో టెడ్ కార్డ్‌నర్ అనే డాక్టరు ఉన్నాడు. ఆయన నలుగురు కొడుకులూ మెల్‌బోర్న్ క్లబ్బుకు ఆడారు. వాళ్లలో డాన్ కార్డ్‌నర్, తండ్రిలాగే డాక్టరు, 1946లో లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ తెచ్చుకున్నాడు. పైసా తీసుకోని అమెచ్యూరుగా ఉంటూనే తెచ్చుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఆయనే కెప్టెన్‌గా మెల్‌బోర్న్ లీగు గెలిచింది. 1948లో ఆ ఫైనల్ డ్రా అయి మళ్లీ ఆడాల్సి వచ్చింది. ఫైనల్ కోసం జట్టులోకి పిలిపించిన మనిషి ఆయన తమ్ముడు డెనిస్. ఆ ఏడాది డెనిస్ ఆడుతున్నది ఎక్కడో తెలుసా? యూనివర్సిటీ బ్లాక్స్‌కు. శనివారం మధ్యాహ్నం ఊరికే ఆడుకునే జట్టు నుంచి తిన్నగా లీగు ఫైనల్‌కు వెళ్లాడు.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ కదిలించినది ఇటీవలి సంగతి. ఫిట్జ్‌రాయ్ అని 1883లో పుట్టిన పెద్ద క్లబ్బు ఉండేది. లీగు పెట్టిన ఎనిమిదింటిలో అదొకటి, ఎనిమిదిసార్లు విజేత. 1990లలో ఆట పూర్తిగా వ్యాపారం అయ్యాక అప్పుల్లో కూరుకుపోయింది. 1996లో చివరి ఆట ఆడి, దాని లీగు జట్టు బ్రిస్బేన్ జట్టులో కలిసిపోయింది. అభిమానులకు క్లబ్బు పేరు, జ్ఞాపకాలు మిగిలాయి, ఆడడానికి జట్టు లేదు. అప్పుడు వాళ్లకు తోడొచ్చింది ఎవరంటే, యూనివర్సిటీ రెడ్స్ అనే చిన్న అమెచ్యూర్ జట్టు. ఇద్దరూ కలిసి 2009 నుంచి ఫిట్జ్‌రాయ్ పేరుతోనే, ఫిట్జ్‌రాయ్ వాళ్ల పాత బ్రన్స్‌విక్ స్ట్రీట్ మైదానంలోనే అమెచ్యూర్ పోటీల్లో ఆడుతున్నారు. 1914లో డబ్బు లేక లీగు వదిలిన యూనివర్సిటీ పేరు మోసిన జట్టు, డబ్బు లేక లీగు పోగొట్టుకున్న ఇంకో క్లబ్బుకు చోటిచ్చింది. ఇవ్వడానికి దాని దగ్గర ఉన్నది ఒక జట్టు, శనివారం ఆడే ఒక హక్కు. అదే చాలింది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాం.

అమెచ్యూర్ అనే మాట ప్రేమ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. తెలుగులో ఔత్సాహికులు అంటారు. మేము కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్లం కాబట్టి ఆ తెలుగు మాట కన్నా ముందు మాకు తెలిసింది కన్నడ మాట: హవ్యాసి. హవ్యాసి నాటక తండా అంటే, పగలంతా బ్యాంకులోనో బడిలోనో పనిచేసి రాత్రి రిహార్సలుకు వచ్చే మనుషులు. ఈ మాట తలచుకున్నప్పుడు అనిపించింది, మన తెలుగు కూడా హవ్యాసి తెలుగే కదా అని. కర్ణాటకలో మనకు తెలుగు వల్ల ఉద్యోగం రాదు, మార్కులు రావు. ఆఫీసులో కన్నడమో ఇంగ్లీషో చాలు. ఇది కన్నడంలో మనెమాతు అంటారే, ఇంటి మాట, అంతే. ఆంధ్ర, తెలంగాణల్లో తెలుగుకు బడి, ప్రభుత్వం, సినిమా, పత్రిక అన్నీ ఉన్నాయి. అది పెద్ద లీగు. మనం ఎప్పుడూ అందులో లేం.

మా ముత్తాతల కాలంలో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, రెండూ కష్టం లేకుండా నడిచేవి. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పదాలు కట్టిన ప్రాంతం మనది. మా అవ్వ నోటుపుస్తకంలో ఆయన తెలుగు పదాలు కన్నడ లిపిలో రాసి ఉన్నాయి. మన ఇంట్లో తెలుగు తగ్గింది ఎవరో దాన్ని వదిలేయడం వల్ల కాదు. మనం అట్లాగే ఉన్నాం, చుట్టూ ఉన్నది మారింది. ఊరు వదిలి బెంగళూరు వచ్చాం, ఒక్కో ఇంట్లో నలుగురమే మిగిలాం, పిల్లలు ఇంగ్లీషు బడికి పోతున్నారు. 1911 మనకూ వచ్చింది.

ఈ మధ్య మన వాళ్లలో ఒక మాట నడుస్తోంది. ఈ రాతలు ఇంక ఎవరికోసం, చదివేవాళ్లు పాతికమంది కూడా లేరు, ఇంగ్లీషులోకి మార్చేద్దాం, లేకపోతే ఫోటోలు పెట్టి ఊరుకుందాం అని. అన్నవాళ్ల మీద మాకు కోపం లేదు. పట్టీ చూస్తే వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఆ క్లబ్బు కథ చదివాక మాకు ఒక తేడా స్పష్టంగా కనిపించింది. యూనివర్సిటీ దగ్గర రెండు కట్టుబాట్లు ఉన్నాయని చెప్పాం కదా. ఎవరూ జీతం తీసుకోకూడదు అన్నది ఒకటి. ఫలానావాళ్లే లోపలికి రావాలి అన్నది రెండోది. లీగులో ఓడడానికి రెండూ కారణమే. కానీ క్లబ్బు ఈ నాటికీ బతికి ఉండడానికి మొదటి కట్టుబాటే కారణం. జీతం మీద ఆధారపడని ఆటను జీతం ఆగిపోయి ఎవరూ ఆపలేరు. రెండో కట్టుబాటు వాళ్లను ఒంటరి చేసింది. దాన్ని సడలించి బయటివాళ్లకు చోటిచ్చిన దగ్గరే, ఫిట్జ్‌రాయ్ దగ్గర, ఒక పెద్ద పేరు తిరిగి లేచి నిలబడింది.

మనమూ తెలియకుండానే ఆ రెండో గడప కట్టుకున్నాం. తెలుగు లిపి వచ్చినవాళ్లే రాయాలి, శుద్ధంగా రాయాలి, మన వంశంలో పుట్టినవాళ్ల కథలే ఉండాలి. దానివల్ల ఎంతమంది బయట నిలబడిపోయారో చూడండి. కన్నడ లిపి తప్ప రాని మేనత్తలు. కన్నడ ఇళ్ల నుంచి వచ్చి, మన వంటింట్లో నిలబడి తెలుగు నేర్చుకున్న కోడళ్లు. మాట్లాడగలిగి రాయలేని పిల్లలు. వీళ్లను కలుపుకుంటే మన జట్టు పాతిక కాదు, వందకు పైనే.

అందుకని మా మాట ఇది. తెలుగు మానవద్దు. గడప తీసేద్దాం. తెలుగును కన్నడ లిపిలో రాసి పంపినా సరే, మాలో ఎవరో ఒకరం తెలుగు లిపిలోకి మారుస్తాం. రెండు లిపులూ పక్కపక్క ఇళ్ల లాంటివి, తలకట్టు దగ్గర తప్ప పెద్దగా తడబడేది లేదు. రాయలేని పెద్దవాళ్లు ఫోనులో మాట్లాడి పంపినా సరే, విని రాసిపెడతాం. ఎంతమంది చదివారు అన్న లెక్క మాత్రం ఇక చూడం. శనివారం మైదానానికి ఎంతమంది వచ్చారన్నదే లెక్క.

వచ్చే నెల మా మరదలు రాస్తోంది. ధారవాడ వైపు అమ్మాయి, మన ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. కొత్త కోడలిగా వచ్చిన మొదటి వారంలో మన తెలుగు తనకు ఎట్లా వినిపించిందో, ఏ మాటకు ఏం అర్థం చేసుకుందో కన్నడ లిపిలో రాసి ఇప్పటికే మా చేతికిచ్చింది. అందరూ చదవండి. అక్కడక్కడా మాట గురి తప్పి ఉంటుంది. ఫరవాలేదు, బిహైండ్‌కు కూడా ఒక పాయింటు ఉంది.